నువ్వెవరి కొడుకువని మట్టి అడగదు





ఈసారి మనం ఒక మట్టి గిన్నె గురించి చెప్పుకుందాం. అది కొరియా దేశంలో చేతితో చేసే టీ గిన్నె. అక్కడ కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఈ గిన్నెలు చేస్తున్నాయి. దేశంకాని దేశపు గిన్నెతో మనకేం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. తండ్రి నుంచి కొడుక్కి, తల్లి నుంచి కూతురికి ఏది అందాలి, ఏది అందకూడదు అనే ప్రశ్న మనలాంటి వాళ్ళకు చాలా పెద్దది. మన తాతలకు పుట్టుకతో వచ్చింది కులం. మనం తెలిసి తెచ్చుకున్నది ధమ్మం. ఈ రెండిటికీ తేడా తెలియకపోతే, తెచ్చుకున్నది జారిపోయి వచ్చింది మళ్ళీ మీద పడుతుంది. ఆ తేడాను ఈ గిన్నె చక్కగా చూపిస్తుంది.

ముంగ్యోంగ్ గిన్నె

కొరియాకు బౌద్ధం క్రీ.శ. 372లో చేరింది. భిక్షువులతోపాటు మన దేశపు పాత్రల ఆకారాలు కూడా అక్కడికి వెళ్ళాయి. నీళ్ళు పోసుకునే కుండిక అలా వెళ్ళిందే. 918 నుంచి 1392 దాకా సాగిన గోర్యో రాజ్యంలో ఆ కుండికను ఆకుపచ్చ మెరుపు పూతతో ఎంతో అందంగా చేశారు. ఆ తరవాత వచ్చిన జోసన్ రాజ్యంలో తెల్ల పింగాణీ, దానితోపాటు సామాన్యులు వాడుకునే ముతక గిన్నెలు తయారయ్యాయి. కొరియా భాషలో గిన్నెను సాబల్ అంటారు.

దక్షిణ కొరియాలో ముంగ్యోంగ్ అనే కొండ ప్రాంతం ఉంది. టీ గిన్నెలకు పేరుపడ్డ చోటు. అక్కడ కిమ్ జోంగ్-ఓక్ అనే కుమ్మరి ఉన్నారు. ఆయనది ఆ వంశంలో ఏడో తరం. 1996లో కొరియా ప్రభుత్వం ఆయన్ని దేశ సాంస్కృతిక వారసత్వాన్ని నిలిపిన కళాకారుడిగా గుర్తించింది. కొడుకు, మనవడు కూడా అదే పని నేర్చారు. కరెంటు చక్రాలు వచ్చినా ఆయన కాలితో తన్ని తిప్పే సారెనే పట్టుకున్నారు. గ్యాసు పొయ్యిలు వచ్చినా పైన్ కట్టెలతో మండే పాతకాలపు ఆవంలోనే కాల్చారు. ఆ ఆవాన్ని ఇటుకలతో కట్టరు. మట్టిని లావుపాటి ముద్దలుగా చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, కొండవాలు మీద గుమ్మటాల వరసలాగా కడతారు. 1843లో కట్టిన అలాంటి ఆవం ఒకటి ఆ ప్రాంతంలో ఇప్పటికీ నిలిచి ఉంది.

గిన్నె ఎలా తయారవుతుందో కొంచెం చూడండి. కొండ నుంచి మట్టి తెస్తారు. దంచుతారు. నీళ్ళలో కలిపి, జల్లెడ పట్టి, రాళ్ళూ వేళ్ళూ తీసేసి, అడుగున పేరుకున్న మెత్తని మట్టిని ఆరబెడతారు. కాళ్ళతో తొక్కుతారు, చేతులతో పిసుకుతారు. లోపల గాలిబుడగలు, తడి మిగిలితే మంటలో గిన్నె పగలవచ్చు. తరవాత సారె మీద పెట్టి లేపుతారు. అడుగు చెక్కుతారు. ఆరాక ఒకసారి కాలుస్తారు. పూత పూసి మళ్ళీ కాలుస్తారు. రెండోసారి వేడి 1200 డిగ్రీలు దాటుతుంది. ఇంతా చేశాక ఆవం తెరిస్తే కొన్ని వంకరపోయి ఉంటాయి, కొన్ని పగిలి ఉంటాయి. మంచి కుమ్మరి వాటిని తనే పగలగొడతాడు. లోపమున్న గిన్నెను పేరు చూపించి అమ్ముకోడు.

పొగడ్తలో ఉన్న ఉచ్చు

ఇలాంటి కుటుంబాల గురించి విన్నప్పుడు కొందరు వెంటనే ఏమంటారు? "చూశారా! కులవృత్తి అంటే అంత గొప్పది. మీరే దాన్ని వదిలేసి పాడుచేసుకున్నారు" అంటారు. మిత్రులారా, ఈ మాట దగ్గర జాగ్రత్త. ఆ గిన్నె వెనక ఉన్న చరిత్ర తెలియనివాళ్ళు అనే మాట ఇది.

జోసన్ రాజ్యంలో మనుషుల్ని మెట్లు మెట్లుగా పెట్టారు. పైన యాంగ్బాన్ అనే పెద్దలు, చదువుకున్న అధికారులు. కింద రైతులు, చేతిపనివాళ్ళు. అందరికంటే అడుగున నీచులని పిలవబడ్డ జనం. మట్టి పిసికేవాణ్ణి అక్కడ గౌరవంగా పిలిచింది లేదు. 1485లో అమలైన రాజ్య చట్టగ్రంథంలో రాజు భోజనశాల శాఖ కింద 380 మంది కుమ్మరుల్ని లెక్కగట్టి రాశారు. రాజధాని దగ్గర గ్వాంగ్జు ప్రాంతంలో ఉన్న రాజావాల్లో వాళ్ళు పనిచేయాలి. తండ్రి కుమ్మరైతే కొడుకు కుమ్మరే కావాలి. వేరే పని పట్టడానికి వీల్లేదు. అది కళాభిమానం కాదు, కట్టుబానిసత్వం.

ఫలితం ఏమిటి? 1697లో ఆ రాజావాల్లో 39 మంది కుమ్మరులు ఆకలితో చచ్చిపోయారని రాజ దర్బారు దినచర్య గ్రంథంలోనే నమోదైంది. ఆలోచించండి. రాజుగారి విస్తరికి తెల్లటి పింగాణీ గిన్నె చేసిన చేతికి సొంత గిన్నెలో అన్నం లేదు. ఈరోజు అద్దాల పెట్టెల్లో పెట్టి చూపిస్తున్న ఆ తెల్ల గిన్నెల వెనక ఈ ఆకలి ఉంది.

ఇంకో సంగతి మనం తప్పక గుర్తుపెట్టుకోవాలి. అదే జోసన్ రాజ్యంలో బౌద్ధ భిక్షువుల్ని కూడా హీనులుగానే చూశారు. రాజధాని నగరంలోకి భిక్షువు అడుగుపెట్టకూడదు. ఆ నిషేధం 1895లో గాని పోలేదు. పుట్టుకను బట్టి మెట్లు కట్టే సమాజానికి బుద్ధుడంటే ఎక్కడైనా గిట్టదు.

1894 సంస్కరణలతో కొరియాలో ఆ మెట్లను చట్టం రద్దుచేసింది. చట్టం పోయినా మనసులో మురికి పోలేదు. పశువుల్ని కోసే పని, తోలు పని చేసే బేక్జోంగ్ అనే జనాన్ని అంటరానివాళ్ళలాగే చూశారు. వాళ్ళు 1923లో జింజు పట్టణంలో హ్యోంగ్ప్యోంగ్సా అనే సమానత్వ సంఘం పెట్టుకుని పోరాడారు. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు దగ్గర నిలబడడానికి నాలుగేళ్ళ ముందు సంగతి ఇది. ఆ రోజుల్లో వాళ్ళకు మన గురించి, మనకు వాళ్ళ గురించి ఎంత తెలుసో గాని, రోగం ఒక్కటే, మందూ ఒక్కటే.

1936లో వెలువడిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఎత్తిచూపింది ఇదే. కులం అనేది పనిని పంచుకునే ఏర్పాటు కాదు. పనిచేసే మనుషుల్నే ఒకరిమీద ఒకరిని పేర్చే ఏర్పాటు. అది నీ శక్తి చూడదు, నీ ఇష్టం అడగదు. నువ్వెవరికి పుట్టావు అని మాత్రమే చూస్తుంది. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో పిల్లలకు బడి గంటలు తగ్గించి, మిగతా సమయంలో తల్లిదండ్రుల పని నేర్చుకోమనే విద్యా పథకం తెచ్చారు. అది కులవిద్య అని జనం గుర్తుపట్టారు, ఎదిరించారు. 1954లో అది పోయింది. ఆ పోరాటం చేసినవాళ్ళు పనిని అసహ్యించుకోలేదు. పనిని సంకెల చేయడాన్ని అసహ్యించుకున్నారు.

మరి ముంగ్యోంగ్ కుటుంబాన్ని ఎందుకు గౌరవించాలి? సంకెల తెగిపోయిన తరవాత కూడా ఇష్టపడి ఆ పని పట్టుకున్నారు కాబట్టి. ఇప్పుడు వాళ్ళ పిల్లలు వేరే పనికి పోతామంటే ఆపే చట్టం లేదు. పోగలిగి కూడా ఉండటం వేరు, పోలేక ఉండటం వేరు. మొదటిది కళ, రెండోది కులం.

రక్తంలో వచ్చేది కాదు

ఏడు తరాల వంశంలో పుట్టిన పిల్లవాడు మొదటిరోజు సారె ముందు కూచుంటే ఏమవుతుంది? మట్టి ముద్ద వంకరపోతుంది. ఎవరి కొడుకు కూచున్నా అలాగే వంకరపోతుంది. నువ్వెవరి కొడుకువని మట్టి అడగదు. చేయి కదలకుండా నిలిచిందా లేదా, అదొక్కటే దానికి తెలుసు. తాత పేరు చెబితే ముద్ద నిలబడదు. ఏళ్ళ తరబడి తొక్కి, పిసికి, పగలగొట్టి, మళ్ళీ చేస్తేనే నేర్పు వస్తుంది. కాబట్టి ఆ కుటుంబంలో అందింది రక్తం కాదు, అభ్యాసం. తండ్రి పక్కన కూచుని చూసే అవకాశం అందింది. మిగతాది ప్రతి తరమూ మొదటినుంచి కష్టపడి సంపాదించుకున్నదే.

తథాగతుడు చెప్పింది కూడా ఇదే కదా. పుట్టుకవల్ల ఎవడూ నీచుడు కాడు, పుట్టుకవల్ల ఎవడూ శ్రేష్ఠుడు కాడు, చేసే పనివల్లనే అవుతాడని వసల సుత్తంలో ఆయన బోధించాడు. ఆయనకు కుమ్మరి ఇల్లు కొత్త కాదు. రాజగృహంలో భగ్గవుడనే కుమ్మరి పాకలో ఒక రాత్రి బస చేశాడు. అదే పాకలో పుక్కుసాతి అనే సాధకుడికి ధమ్మం చెప్పాడు. మజ్ఝిమ నికాయంలోని గొప్ప బోధల్లో ఒకటి రాజమందిరంలో కాదు, కుండల మధ్య పుట్టింది.

అదే మజ్ఝిమ నికాయంలో ఘటికారుడనే కుమ్మరి కథ ఉంది. కస్సప బుద్ధుడి కాలం నాటిదని చెప్పే కథ. పూర్వజన్మల సంగతి పక్కన పెట్టండి, అందులో ఉన్న మనిషిని చూడండి. ఘటికారుడి తల్లిదండ్రులు ముసలివాళ్ళు, గుడ్డివాళ్ళు. వాళ్ళను పోషిస్తూ కుండలు చేసేవాడు. పారతో నేల తవ్వితే పురుగులు చస్తాయని, గట్టు విరిగి పడ్డ మట్టినీ ఎలుకలు తోడిపోసిన మట్టినీ తెచ్చుకునేవాడు. చేసిన కుండలు బయటపెట్టి, కావలసినవాళ్ళు తమకు తోచినంత బియ్యమో పప్పో పెట్టి పట్టుకెళ్ళండని చెప్పేవాడు.

ఆయనకు జోతిపాలుడనే బ్రాహ్మణ యువకుడు స్నేహితుడు. బుద్ధుణ్ణి చూద్దాం రా అంటే, ఆ గుండువాణ్ణి చూసేదేముంది అని జోతిపాలుడు ఎగతాళి చేశాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి తలస్నానం చేసి వచ్చిన జోతిపాలుడి జుట్టు పట్టుకుని లాగాడు ఘటికారుడు. తక్కువ పుట్టుక అని లోకం అనే కుమ్మరి, బ్రాహ్మణుడి తడి జుట్టు పట్టుకున్నాడు! ఇతను ఇంత తెగించాడంటే ఇది చిన్న సంగతి కాదని జోతిపాలుడికి అప్పుడు తట్టింది. వెళ్ళాడు, విన్నాడు, భిక్షువయ్యాడు. ఇక్కడ ఎవరు ఎవరికి దారి చూపించారు? మట్టి అంటిన చెయ్యి దారి చూపింది. అంటు అన్నమాట ఆ చేతి దగ్గర ఆగిపోయింది.

గిన్నె మీద ఎవరి పేరు?

1592 నుంచి 1598 వరకు జపాన్ సేనలు కొరియా మీద దండెత్తాయి. పోతూ పోతూ కుమ్మరుల్ని కుటుంబాలతో సహా పట్టుకుపోయాయి. జపాన్ ప్రభువులకు టీ సేవనం మీద అంత మోజు, కొరియా గిన్నెల మీద అంత ఆశ. నామ్వోన్ నుంచి 1598లో బందీగా పోయిన షిమ్ వంశంవాళ్ళు జపాన్ దక్షిణాన సత్సుమాలో ఇప్పటికి 15 తరాలుగా కొరియా పేరు వదలకుండా పింగాణీ చేస్తున్నారు. 400 ఏళ్ళు నిండిన 1998లో నామ్వోన్ నుంచి నిప్పు తెచ్చుకుని తమ ఆవం వెలిగించుకున్నారు.

జపాన్లో క్యోటో నగరపు దైతోకుజి విహారంలో ఒక కొరియా టీ గిన్నె ఉంది. జోసన్ కాలపుది. జపాన్ దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెకు మరో పెట్టె పెట్టి దాచారు. 1931లో యానాగి సోఎత్సు అనే పండితుడు దాన్ని చూసి, ఇది పేదవాడు చేసిన అతి మామూలు గిన్నె అని, అందుకే ఇంత అందంగా ఉందని రాశాడు. అది అన్నం గిన్నె అని ఆయన అన్నాడు, పూజకు వాడిందని మరికొందరు అంటారు. దాని పేరేమిటో తెలుసా? కిజాయెమోన్. ఎవరా కిజాయెమోన్? చేసినవాడు కాదు. ఒకప్పుడు దాన్ని సొంతం చేసుకున్న ఒసాకా వ్యాపారి! చేసినవాడి పేరు ఎక్కడా లేదు.

దేశమంతా తిరిగి చూస్తే మనకు తెలిసిన కథే. కట్టినవాడి పేరుండదు, కట్టించినవాడి పేరుంటుంది. దున్నినవాడి పేరుండదు, పట్టా ఉన్నవాడి పేరుంటుంది.

ఆ గిన్నె గురించి ఇంకో కథ చెబుతారు. ఆ వ్యాపారి ఆస్తి అంతా పోయి బికారి అయినా గిన్నెను మాత్రం వదల్లేదట, ఒంటినిండా పుండ్లు లేచాయట. తరవాత కొన్న ప్రభువుకూ అదే బాధ వచ్చిందట. చివరికి ఆ కుటుంబం దాన్ని విహారానికి ఇచ్చేసింది. గిన్నెలో శాపముందని మనం నమ్మక్కర్లేదు. తణ్హ, అంటే విడవలేని ఆశ, మనిషిని ఎలా తినేస్తుందో చెప్పే కథగా చూడండి. పేదవాడు చేసినప్పుడు అది దాహం తీర్చే పాత్ర. ఆశ పట్టుకున్నాక అదే పుండు అయింది. వస్తువు మారలేదు, పట్టు మారింది.

రెండు గ్లాసులు

ఇక టీ సంగతి. 1786 నుంచి 1866 వరకు జీవించిన చోఉయి అనే భిక్షువును కొరియా టీ సంప్రదాయానికి పెద్దగా తలుస్తారు. లోకం దృష్టిలో భిక్షువు హీనుడైన కాలం అది. అయినా కిమ్ జోంగ్-హీ లాంటి గొప్ప వంశపు పండితుడు ఆయనకు ప్రాణస్నేహితుడు. ఉత్తరం రాసి మరీ టీ ఆకు పంపమని అడిగేవాడు. రాజ్యం గీసిన గీత టీ గిన్నె దగ్గర చెరిగిపోయింది.

మన దగ్గరో? మన తెలుగు పల్లెల్లో టీ కొట్టు దగ్గరే గీత గీశారు. రెండు గ్లాసుల పద్ధతి ఎవరికి తెలియదు? మన తాతలకు వేరే గ్లాసు, చూరులో దోపి ఉంచిన గ్లాసు, తాగి తామే కడిగి పెట్టాల్సిన గ్లాసు. మన చేయి తగిలితే లోహపు పాత్రను తోమితే చాలునన్నారు, మట్టి పాత్రనైతే పారేయాలన్నారు. మట్టి అన్నిటినీ పీల్చుకుంటుంది కాబట్టి మన స్పర్శనూ పీల్చుకుంటుందట! 1200 డిగ్రీల మంటకు చెదరని మట్టి మన వేలు తగిలితే చెడిపోతుందన్న ధర్మం అది.

అందుకే చెబుతున్నాను. రెండు చేతులతో పట్టుకుని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకునే మట్టి గిన్నె, కళాభిమానులకు అందమైన వస్తువు మాత్రమే కావచ్చు. మనకు అది మనిషి మనిషిని ముట్టుకోవడం.

మన ఇంట్లో ఏమి అందిస్తున్నాం?

1956 అక్టోబర్ 14న నాగపూర్లో బాబాసాహెబ్ మనకు ధమ్మాన్ని చేతికిచ్చారు. ఇప్పుడు మన ఇళ్ళలో మూడో తరం, నాలుగో తరం పెరుగుతోంది. ఆ పిల్లలకు ఏమి అందింది? గోడమీద ఫోటో అందింది. కాలేజీ ఫారంలో రాసుకునే మతం పేరు అందింది. చాలా ఇళ్ళలో అంతవరకే. తాత దీక్ష తీసుకున్నాడు కాబట్టి నేను బౌద్ధుణ్ణి అనుకుంటే, అది కూడా పుట్టుకతో వచ్చిన కులంలాగే తయారవుతుంది. ఏ రోగాన్ని వదిలించుకోవడానికి ధమ్మంలోకి వచ్చామో ఆ రోగమే కాషాయం కట్టుకుని వస్తుంది. జాగ్రత్త.

కుమ్మరి పని నుంచి మూడు మాటలు తీసుకుందాం.

మొదటిది, రోజూ మట్టి తొక్కాలి. పంచశీలాలు పాళీలో గడగడా అప్పజెప్పడం చాలదు. పిల్లలతో కూచుని, ఈరోజు ఏ శీలం తప్పాం, ఎందుకు తప్పాం అని పది నిమిషాలు మాట్లాడుకోండి. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం నుంచి రోజుకో పేజీ ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదవండి. అమ్మ చదవనీ, కూతురు చదవనీ. తండ్రి పక్కన కూచుని చూడకుండా కుమ్మరి బిడ్డకు పని రాదు. మనం చేయంది చూసి మన బిడ్డలు ఏం నేర్చుకుంటారు?

రెండోది, మంటలో నిలవాలి. ఎండబెట్టిన పచ్చికుండ చూడ్డానికి బాగానే ఉంటుంది. నీళ్ళు పోస్తే కరిగిపోతుంది. మన మంట ఎక్కడుందో తెలుసా? పెళ్ళి సంబంధం దగ్గర ఉంది. విహారంలో జై భీమ్ అన్న నోటితోనే ఇంటికెళ్ళి, "వాళ్ళు మాలలా, మాదిగలా" అని అడిగామంటే మనం ఇంకా పచ్చికుండలమే. సమానత్వం కోసం పాటుపడతానని 22 ప్రతిజ్ఞల్లో మాట ఇచ్చాం. ఆ మాట ముందు మన ఇంటి గడప దగ్గర కాలాలి.

మూడోది, లోపమున్న గిన్నెను దాచుకోవద్దు. దీక్ష తీసుకుని కూడా ముహూర్తాలు చూస్తున్నామా? జబ్బు చేస్తే తాయెత్తు కడుతున్నామా? సిగ్గుపడి దాచితే అది పిల్లలకు అందుతుంది. పగలగొట్టండి. మళ్ళీ చేద్దాం. పగలగొట్టడానికి భయపడని కుమ్మరి చేతిలోనే మంచి గిన్నె తయారవుతుంది.

ఇక పిల్లల బతుకుదెరువు సంగతి. మన పెద్దల చేతుల్లో గొప్ప నేర్పు ఉంది. తోలు శుద్ధిచేసే నేర్పు, డప్పు బిగించే నేర్పు, మగ్గం మీద నేసే నేర్పు. ఆ నేర్పులో అవమానం లేదు. అవమానం దాన్ని మన నుదుట రాసినవాళ్ళది. మీ అమ్మాయి డాక్టర్ కావాలనుకుంటే చదివించండి. మీ అబ్బాయి ఇష్టపడి డప్పు పట్టుకుంటే, దాన్నొక విద్యగా నేర్చుకుని తలెత్తుకుని వాయించమనండి. ఎంచుకునేది వాళ్ళు కావాలి. కొట్టుకోవాల్సిందే అని ఊరు చెప్పినప్పుడు మాత్రం, వద్దని చెప్పే గుండె కూడా వాళ్ళకివ్వండి.

ధమ్మ బంధువులారా, గిన్నె పగలక తప్పదు. జాతీయ సంపద అయినా ఒకరోజు పగులుతుంది. అన్నీ అనిత్యమని తథాగతుడు చెప్పాడు. మిగిలేది చేయి నుంచి చేయికి అందిన అభ్యాసం ఒక్కటే. మన పిల్లలకు కులం అందించకుండా మన దగ్గరే ఆపేద్దాం. శీలాన్ని, ప్రజ్ఞను, కరుణను మాత్రం రోజూ చేసి చూపించి వాళ్ళ చేతుల్లో పెడదాం.

సాధు! సాధు! సాధు!

జై భీమ్! నమో బుద్ధాయ!